గడ్డి పంతులు

గోదావరిఖనిలో కొమురెల్లి కోపం గురించి చాలా మాటలున్నాయి. అతను బాయిలోకి, అదే బొగ్గుగనిలోకి, దిగే రోజు గ్యాసు చూసేవాళ్ళు ముందు అతని మొహం చూసేవారట. అతను కన్నెర్రజేస్తే తట్టలో బొగ్గు దానంతటదే రాజుకునేదట. ఒకసారి అలిగి తినకుండా లేస్తే, పెళ్ళాం ఐలవ్వ వండిన పప్పు రెండు రోజులు చల్లారలేదట. ఇందులో మూడోది మాత్రం అబద్ధం.

చూడబోతే మనిషి బక్కపలచన. బాయిలో బొగ్గు నింపే పని. కానీ ఇంటి విద్య అది కాదు. సాలె కులానికి కులపురాణం చెప్పే ఇల్లు వాళ్ళది. ఊళ్ళలో మగ్గాలు మూలపడి, సాలెవాళ్ళు బాయి పనికి తరలివస్తే, వాళ్ళ వెనకే కథ చెప్పేవాళ్ళూ వచ్చారు. చెట్టే లేచి నడిచిపోతే పిట్ట ఏం చేస్తుంది మరి?

ఆ ఇంటికి భూమి లేదు, పుట్ర లేదు. ఒక తాటాకు కట్ట ఉంది. దాన్ని బియ్యం మీద పెట్టి, దీపం ముట్టించి, అప్పుడు నోరు తెరవాలి. కట్ట లేకుంటే కథ లేదు. కథ చెప్పినవాడికి చివరి గడియ వచ్చినప్పుడు కట్ట విప్పి ఒక ఆకు కళ్ళకు చూపించాలి. అది చూసిన కన్నే నెమ్మదిగా మూతపడుతుందని వాళ్ళ నమ్మకం.

ఆ కట్ట మీద మంథని వామనరావు కన్ను పడింది.

వామనరావు బడిలో తెలుగు చెప్పి దిగిపోయినవాడు. మంథనిలో శారదా పుస్తక భాండారానికి కార్యదర్శి. పాత తాటాకు పుస్తకాలంటే ఆయనకు ప్రాణం. ఎవరింట అటుక మీద ఏ కట్ట ఉందో వీధి మొదట్లోనే వాసన పట్టేవాడు. వెంట మెత్తని కుంచె, నిమ్మగడ్డి నూనె సీసా, కొలబద్ద. మనిషికి జ్వరం వస్తే ఊరకుంటాడు గానీ ఆకుకు పురుగు పడితే ఆయనకు అన్నం సహించదు. అంత మంచివాడే. ఆ మంచితనంలో ఒకటే లోపం. ఆయన చెయ్యి తాకిన ప్రతి పుస్తకం తనదేనని ఆయనకు నిజంగానే అనిపించేది.

డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆయన బస్సు దిగి, బొగ్గు దుమ్ములో ధోవతి ఎత్తిపట్టుకుని, కొమురెల్లి గుడిసెకు వచ్చాడు. కొమురెల్లి డ్యూటీలో ఉన్నాడు. మంచంలో అతని తండ్రి గట్టయ్య ఉన్నాడు.

వామనరావు కట్టను కళ్ళకద్దుకున్నాడు. గట్టయ్య కరిగిపోవడానికి అది చాలింది.

"వానలు పడేలోపల తెచ్చిస్త గట్టయ్యా. నూనె రాసి, చెక్కలు మార్చి, కొత్త దారం కట్టి ఇస్త."

"నీ చేతికి కాకపోతే ఎవలి చేతికిస్తం పంతులూ, తీస్కపో," అన్నాడు గట్టయ్య.

వానలు పడ్డాయి. వానలు వెలిశాయి. దసరా కూడా పోయింది. గట్టయ్యకు ఎగపోత మొదలైంది. దవాఖానలో డాక్టరు చెయ్యి చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ముసలాయన కొడుకు చెయ్యి పట్టుకుని ఒకటే మాట.

"ఒక్క ఆకు రా. ఒక్కటే. కండ్లకు సూపియ్యి."

కొమురెల్లి షిఫ్టు ఎగ్గొట్టి బస్సెక్కి మంథని పోయాడు. భాండారానికి తాళం వేసుంది. పంతులు గ్రంథసూచిక అచ్చు వేయించడానికి హైదరాబాదు పోయాడని పక్కింటివాళ్ళు చెప్పారు. తిరిగొచ్చేసరికి గట్టయ్య పోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కొమురెల్లి అరచేత్తో మూశాడు. చెయ్యి తీయగానే మళ్ళీ తెరుచుకున్నాయి. ఐలవ్వ మూసింది. మళ్ళీ తెరుచుకున్నాయి. కడకు బట్ట కప్పారు.

దినకర్మలు అయిన తరువాత కొమురెల్లి మళ్ళీ మంథని వెళ్ళాడు. ఈసారి తాళం తీసుంది.

వామనరావు సంతోషంగా ఎదురొచ్చాడు. "రా కొమురెల్లీ, రా! మీ కట్ట చూస్తే నీ కండ్లు తిరుగుతయి."

నిజంగానే తిరిగాయి. అద్దాల అలమారులో కట్ట నిగనిగలాడుతోంది. ఆకులకు మసి పట్టించి తుడిచినట్టున్నారు, అక్షరాలు నల్లచీమల్లా బారులు తీరాయి. కొత్త చెక్కలు, ఎర్ర దారం, దారానికి అట్టముక్క, అట్టముక్క మీద అంకె.

"మా అయ్య పోయిండు పంతులూ."

"అయ్యో! ఎప్పుడు? మంచి మనిషి," అన్నాడు వామనరావు. ఆయన గొంతులో బాధ ఉంది, కాదనడానికి లేదు. కానీ అంతలోనే చెయ్యి అచ్చుపుస్తకం మీదకు పోయింది. "చూడు, మీ కట్ట అచ్చులకెక్కింది. చదువుత, విను. సంఖ్య నూట పద్దెనిమిది. సాలె కులపురాణము. తాళపత్రము. కర్త అజ్ఞాతము. ఆద్యంతములు లేవు. శిథిలము. అక్కడక్కడ పురుగు తిన్నది. భాష గ్రామ్యము. విషయము అల్పము. సేకరణ, వామనరావు."

కొమురెల్లి అచ్చుపుస్తకంలోకి తొంగి చూశాడు.

"మా అయ్య పేరేది?"

"ఆయన రాసింది కాదు గదా. రాసిన మనిషి పేరు తెల్వకుంటే అజ్ఞాతమనే పెడతరు. అది పద్ధతి."

"అల్పమంటే ఏంది పంతులూ?"

వామనరావు కొద్దిగా తడబడ్డాడు. "అంటే... పండితులకు పెద్దగా పనికొచ్చేది కాదని. నువ్వేం మనసుల పెట్టుకోకు."

"పెట్టుకోను. కట్ట ఇయ్యి, పోత. మాఘంల సాలోళ్ళకు కథ చెప్పాలె."

"ఇప్పుడది భాండారం సొత్తు కొమురెల్లీ. అంకె పడ్డది. మీ గుడిసెల ఎలుకలు తింటుండె, చెదలు తింటుండె. ఇక్కడ వెయ్యేండ్లు ఉంటది." ఆయన గొంతు తగ్గించి దగ్గరికొచ్చాడు. "ఒక మాట. మొదలు, చివర ఆకుల మీద లేవు. మీ నోట్ల ఉంటయని విన్న. నువ్వు చెప్పు, నేను రాసుకుంట. గప్పుడు కట్ట సంగతి మాట్లాడుకుందం."

మొదలూ చివరా ఆకు మీద గీయకపోవడం ఆ ఇంటి పెద్దలు వేసిన తాళం. కట్ట ఎత్తుకుపోయినవాడికి నడుము దొరుకుతుంది గానీ తలా కాళ్ళూ దొరకవు. ఆ రెండూ తండ్రి నోటి నుంచి కొడుకు చెవిలో పడాల్సిందే.

కొమురెల్లి నవ్వాడు. ఆ నవ్వు చూసింది పంతులొక్కడే కాబట్టి సరిపోయింది. బాయిలో వాళ్ళు చూసి ఉంటే పైకి పరిగెత్తేవాళ్ళు.

"మంచిది పంతులూ," అని బయటపడ్డాడు.

ఇంటికొచ్చి మూడు చెంబుల నీళ్ళు తాగి, నాలుగో చెంబు నెత్తిన పోసుకున్నాడు. ఐలవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఇచ్చిండా?"

"లే."

"నువ్వేం చేసినవు?"

"నవ్విన."

"మంచిగుంది! కట్ట వాడు ఉంచుకున్నడు, పండ్లు నువ్వు చూపిచ్చినవు. మీ అయ్య కండ్లు మూతపడకపాయె, నీ నోరు మూతపడకపాయె. పోలీసులకన్నా చెప్పకపోయినవ్?"

"పోలీసులు గాదు. బొమ్మ కడుత."

ఐలవ్వ చేట కింద పెట్టింది.

బొమ్మ కట్టడమంటే చిన్న సంగతి కాదు. కథ చెప్పేవాడికి మర్యాద తప్పిన పెద్దమనిషిని గడ్డితో చేసి, గడకు కట్టి, వాడి వాకిటి ముందు నిలబెట్టి, వాడి గుణగణాలన్నీ పాడతారు. వాడు బయటికొచ్చి, ఆ గడ్డిబొమ్మ కాళ్ళు తన చేత్తో కడిగి, తనే విప్పాలి. అప్పటిదాకా బొమ్మ దిగదు. అప్పటిదాకా కట్టినవాడు ఆ ఇంటి మనిషి చేతి మీదుగా గుక్కెడు నీళ్ళు కూడా తీసుకోరాదు. గట్టయ్య బతుకంతా కలిపి రెండుసార్లే కట్టాడు. ఒకడు కాళ్ళు కడిగాడు. రెండోవాడు ఊరే విడిచిపోయాడు.

ఈ మాట సాలె పెద్ద నర్సింగంతో చెబితే ఆయన గడ్డం గోక్కున్నాడు. నర్సింగం బాయిలో పనివాళ్ళ మీద సర్దారు, ఇంట్లో కులపెద్ద. రెండు చోట్లా అరిచే గొంతు ఒకటే.

"మంథని పంతులుకు బొమ్మ కడుతవా? ఆయన మన కులపోడు గాదు, మన కట్టుబాటు ఆయనకు తెల్వదు."

"కట్ట ముట్టినోడు కట్టుబాటు గూడ ముట్టినట్టే కాకా."

"బాగనే ఉన్నది. మరి కాళ్ళు కడగనంటే? బొమ్మ గడ మీదుంటది, కట్ట అలమారుల ఉంటది, నువ్వు నడుమ నిలబడుతవు."

"కడుగుతడు."

"నువ్వు చెప్తే గోదావరి గూడ ఎనకకు పారుతది గని, మాఘం వచ్చేలోపల మాకు కట్ట కావాలె. లేకుంటే వేరే ఇంటోన్ని పిలుసుకుంటం. తర్వాత నన్ను అనొద్దు."

ఆ మాట కొమురెల్లికి గుచ్చుకుంది. కానీ అప్పటికే అతని తలలో గడ్డి కోత మొదలైంది.

సూచిక ఆవిష్కరణ పుష్యమాసంలో ఒక ఆదివారం పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక పండితుడు వస్తున్నాడని మంథనంతా మామిడాకులు కట్టింది. ఆ పొద్దున ఖాళీగా తిరిగిపోతున్న ఒక బొగ్గు లారీ భాండారం ఎదుట ఆగింది. అందులోంచి సాలెవాళ్ళు దిగారు, నర్సింగం దిగాడు, ఐలవ్వ కంచు తాళాలు పట్టుకుని దిగింది. చివరగా ఇంకో వామనరావు దిగాడు.

వరిగడ్డి వామనరావు. కానీ ఎంత వామనరావంటే, వీధిలో వెళ్తున్న ముసలాయన ఒకడు చెప్పులు విడిచి దండం పెట్టాడట. ఇనుపతీగ కళ్ళద్దాలు, భుజం మీద కండువా, చంకలో కొలబద్ద, మెడలో ఎర్ర దారంతో వేలాడే అట్టముక్క. లోపలి పంతులు ఎడమ భుజం కొంచెం వంచి నడుస్తాడు. గడ్డి పంతులూ వంగే ఉన్నాడు. గడ పాతారు. తాళాలు మోగాయి.

లోపల పండితుడు అప్పుడే సూచికకు కట్టిన పట్టు తాడు లాగబోతున్నాడు. తాళాల చప్పుడుకు జనం ఒక్కొక్కరే బయటికి జారారు. కొమురెల్లి గొంతు ఎత్తాడు. తొమ్మిది ఊళ్ళకు వినిపించే గొంతు అది. ఆ రోజు పదో ఊరికీ వినిపించింది.

"అయ్యలాలా, అవ్వలాలా! పంతులు మన కట్టకు సూచిక రాసిండు. మనం పంతులుకు రాయకుంటే మర్యాదనా? ఇనుండ్రి! సంఖ్య ఒకటి. ఒక్కటే ప్రతి, రెండోది బ్రహ్మదేవుని దగ్గర గూడ లేదు. పేరు వామనరావు. పొడుగు అయిదడుగులు, టోపీ పెడితే అయిదున్నర. పదార్థము వరిగడ్డి. లిపి మొకం మీద ముడుతలు, చదవరాదు. ఆది ఉన్నది, అంతం ఇంక రాలేదు. స్థితి శిథిలం! పండ్లకాడ పురుగు తిన్నది. భాష తియ్యన. విషయము..."

ఆగాడు. తాళాలూ ఆగాయి.

"...అల్పము! సేకరణ, గట్టయ్య కొడుకు కొమురెల్లి!"

వీధి వీధంతా విరగబడి నవ్వింది. మంథనివాళ్ళు మర్యాదస్తులు గనుక మొదట కండువాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. తరువాత కండువాలు చాలలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది హైదరాబాదు పండితుడు. ఆయన గుమ్మం పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత చక్కని పద్ధతండీ! కొలత, లిపి, స్థితి, ఏదీ వదల్లేదు! ఎవరండీ ఈ కథకుడు?" అన్నాడు.

ఆ మాట పక్కనే నిలబడ్డ వామనరావుకు చెప్పుదెబ్బలా తగిలింది. మొహం ఎర్రబడి, తెల్లబడి, తిరిగి లోపలికి పోయాడు. కొమురెల్లికి గుండెలో పండగయింది. తండ్రి పోయిన తరువాత అతనికి ఆకలి వేసింది ఆ గడియలోనే.

వామనరావు బయటికొచ్చాడు. చేతిలో కట్ట.

"తీసుకో. తీసుకొని నీ గడ్డీ నువ్వూ పొండ్రి."

కొమురెల్లి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి నడుమనే నిలిచిపోయింది. సాలెవాళ్ళంతా ఆ చేతినే చూస్తున్నారు. బొమ్మ ఇంకా గడ మీదే ఉంది. ఆ చేతి నుంచి ఏదీ తీసుకోరాదు.

"ఏమైంది? ఇది కాదా నీక్కావలసింది?"

"ఇదే పంతులూ. మొదలు కాళ్ళు కడుగు."

"ఎవరి కాళ్ళు?"

"నీయే. గడ్డియి."

నర్సింగం గొంతు సవరించుకుని, బాయిలో చెప్పినట్టే అరిచి కట్టుబాటు వివరించాడు. వామనరావు విన్నకొద్దీ బిగుసుకుపోయాడు. "నా కాళ్ళు నేను కడుక్కుంటే తప్పులేదు గని, గడ్డి కాళ్ళు కడగాల్నా? నడివీధిల? చస్తే చెయ్య. ఇగో, ఇక్కడ పెడుతున్న. తీసుకుంటవో, పారేస్తవో, నీ ఇష్టం." కట్టను గడ మొదట్లో నేల మీద పెట్టి, చేతులు కట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు.

కట్ట కొమురెల్లి కాలికి జానెడు దూరంలో ఉంది. వంగితే చేతికొస్తుంది. కానీ ఆ ఇంటి మనిషి పెట్టిందాన్ని ఎత్తుకున్నా తీసుకున్నట్టే. ఎత్తితే సాలెవాళ్ళు ఇక అతని నోట కథ వినరు. ఎత్తకపోయినా వినరు, కట్ట లేదు గనుక. నర్సింగం అతని వైపు చూశాడు. ఆ చూపుకు తెలుగులో ఒకటే అర్థం ఉంది. నేను చెప్పలే?

ఐలవ్వ చెవిలో గొణిగింది. "బాగ కట్టినవ్ బొమ్మ. వాన్ని గడకు కట్టినవ్, నిన్ను నువ్వు నేలకు కట్టుకున్నవ్."

కొమురెల్లి పళ్ళు బిగించి నిలబడ్డాడు. తను గెలవకపోయినా ఫరవాలేదు, ఆ మెట్టు మీది మనిషి గెలవకూడదు. ఇద్దరి నడుమ తాటాకు కట్ట, మంథని ఎండలో.

ఎవరూ కదలలేదు. కదిలింది ఒక మేక. వీధిలో ఎవరిదో నల్లమేక, గడ్డి వాసనకు వచ్చింది. గడ్డి పంతులు ధోవతి అంచును కాస్త నమిలింది. నచ్చలేదు. తల దించి కట్టను మూతితో పొడిచింది. ఎర్ర దారం ముడిని నోట్లోకి తీసుకుంది.

వామనరావు మెట్టు మీద నుంచి ఒక అడుగు దిగాడు.

కొమురెల్లికి అప్పుడు అర్థమైంది. ఈ మనిషి పరువు పోయినా ఓర్చుకోగలడు. ఆకు పోతే ఓర్చుకోలేడు. కొమురెల్లి మేకను అదిలించలేదు. నర్సింగం కర్ర ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్యి కాకా. పంతులు పెట్టిండు, మేక తింటది. విషయం అల్పమే గదా."

దారం తెగింది. పైచెక్క జారింది. మేక మొదటి ఆకును పెదవులతో పట్టుకుంది.

"నీళ్ళు!" అని వామనరావు కేక పెట్టాడు. "అహల్యా, నీళ్ళు! చెంబు నీళ్ళు!"

భార్య అహల్య చెంబుతో పరిగెత్తుకొచ్చింది. ఆయన ఆ ధోవతితోనే దుమ్ములో మోకాళ్ళూని, ఒక చేత్తో మేకను తోస్తూ, ఇంకో చేత్తో గడ్డికాలు మీద నీళ్ళు పోశాడు. జనంలో ఈసారి ఒక్కరూ నవ్వలేదు.

"ఒక్క కాలే అయింది పంతులూ," అన్నాడు కొమురెల్లి.

రెండో కాలూ కడిగాడు. లేచి, ముడి విప్పి, గడ్డి పంతులును భుజాన ఎత్తుకుని కిందికి దించాడు. తరువాత ఆకును మేక నోట్లోంచి తీసి, కండువాతో తుడిచి, కట్టలో పెట్టి, రెండు చేతులతో అందించాడు. కొమురెల్లి రెండు చేతులతో తీసుకున్నాడు.

"ఇప్పుడైనా చల్లబడ్డవా?" అని అడిగాడు వామనరావు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి అవమానానివో ఆకువో తెలియదు.

"ఇంకొకటుంది పంతులూ. బొమ్మ దించిన ఇంట్లనే ముందుగాల కథ చెప్పాలె. ఆ ఇల్లుగలాయన కింద కూసోని మొదటికెల్లి చివరి దాక వినాలె. గప్పుడే నేను సాలోళ్ళ కాడికి పోత."

"మొదటి నుంచా?" అన్నాడు వామనరావు. ఆ మొహంలో దుమ్ము, చెమట, అవమానం అన్నీ ఉండగానే, ఒక దీపం వెలిగింది. "ఆకుల మీద లేని మొదలు గూడనా? చివర గూడనా?"

"అన్ని."

"రా. రేపే రా!"

మాఘం మొదట్లో వెళ్ళాడు. వామనరావు ఇంటి వాకిట్లో ముగ్గేసి, బియ్యం పోసి, కట్ట పెట్టి, దీపం ముట్టించారు. సాలెవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఇంటాయన కింద చాప మీద కూర్చున్నాడు. ఒడిలో కొత్త కాగితాలు, చెవి మీద చెక్కిన పెన్సిలు. పెళ్ళికొడుకులా ఉన్నాడు.

కొమురెల్లి గజ్జె కట్టాడు. గొంతు సవరించాడు. ఐలవ్వ తాళం ఎత్తింది.

"పంతులూ, పెన్సిల్ కింద పెట్టు."

"ఏంది?"

"కట్ట ముందు గీత గీయరాదు. వినుడే."

వామనరావు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగాడు. "కొమురెల్లీ, ఇది నీతోని పోతే మల్ల దొరుకదు. నీకు తెల్వదు, ఇది ఎంత విలువైందో."

"నూట పద్దెనిమిదో దాంట్ల రాసినవు గదా, ఎంత విలువైందో."

"తప్పయింది. కొత్త సూచికల మారుస్త. మీ అయ్య పేరు పెడుత, పెద్దక్షరాలతోని పెడుత. ఒక్క పద్యం. మొదటిది ఒక్కటి రాసుకోనియ్యి, నీకు దండం పెడుత."

"మా అయ్య గూడ ఒక్క ఆకే అడిగిండు పంతులూ."

వామనరావు పెన్సిలు తీసి చాప పక్కన పెట్టాడు. కాగితాలు అహల్య వచ్చి తీసుకుపోయింది.

కొమురెల్లి మొదలు ఎత్తాడు. తండ్రి తన చెవిలో పోసిన మొదలు, ఏ ఆకూ చూడని మొదలు. ఎప్పుడూ పాడనంత తీరుగా పాడాడు. ప్రతి మాటనూ కడిగి, తుడిచి, వామనరావు ముందు పెట్టి, ఆయన చూస్తుండగానే తీసేసుకున్నట్టు పాడాడు. వామనరావు ముందుకు వంగాడు. నోరు తెరుచుకుంది. మోకాలి మీద చూపుడువేలు గీతలు గీస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

కొమురెల్లి పాడుతూనే ఆ పెదవులను చూశాడు. ఒక్కొక్క మాటనూ పట్టుకుని, వెనకటి మాటకు కట్టి, కంఠతా పెట్టుకుంటున్నాయవి. సగం పద్యం అప్పటికే చిక్కించుకున్నట్టున్నాడు.

కొమురెల్లి ఐలవ్వ వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేశాడు.

"జల్ది," అన్నాడు.

ఐలవ్వ తాళం రెట్టింపు చేసింది.